సబ్సిడీ ఇనుముకే ఇస్తే ఏఐ ఎక్కడ్నుంచి వస్తుంది?

"దీన్ని రేపు అమ్మాల్సొస్తే ఎంతొస్తుందమ్మా?"

ఏడాదిన్నర కిందట బ్యాంకు మేనేజరు గారు నన్ను అడిగిన ప్రశ్న ఇది. మా షెడ్డులో తయారయ్యే ముక్కల్ని కెమెరాతో చెక్ చేసే ఏఐ సిస్టం పెట్టుకుందామని లోన్ కోసం వెళ్ళాను. కొటేషన్లో ఓ కెమెరా, లెన్సు, లైటు, చిన్న కంప్యూటరు ఉన్నాయి, అవన్నీ కలిపినా మొత్తం రేటులో పావు వంతు లేదు, మిగతాదంతా సాఫ్ట్‌వేరు, దాన్ని మా ముక్కలకు తగ్గట్టు తయారుచేసే ఇంజనీర్ల టైము. కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ మెషిన్ అయితే నేను కట్టలేకపోయిన రోజున తీసుకెళ్ళి వేరేవాళ్ళకి అమ్ముకోవచ్చు, మా బుష్షుల మీద బర్ (కోసిన అంచున మిగిలిపోయే సన్నని లోహపు ముల్లు) ఉందో లేదో మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేరుని ఎవరికి అమ్ముతారు? ఆయన్ని నేనేం తప్పు పట్టట్లేదు, బ్యాంకు అలాగే ఆలోచించాలి. కానీ అదే ప్రశ్న తర్వాత సబ్సిడీ ఆఫీసులో కూడా ఇంకో రూపంలో ఎదురైంది, అప్పట్నుంచీ ఈ విషయం నన్ను వదలట్లేదు, అందుకే రాస్తున్నా.

మాది హైదరాబాద్ బాలానగర్లో చిన్న మెషిన్ షాప్. నాన్న పెట్టారు, పన్నెండేళ్ళుగా నేను చూసుకుంటున్నా. ఆరు సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్లు, రెండు వీఎంసీలు (సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్లు), నాన్న కాలంనాటి ఓ గ్రైండింగ్ మెషిన్, పద్దెనిమిది మంది మనుషులు. హైడ్రాలిక్ వాల్వుల్లోకి వెళ్ళే స్పూళ్ళు, బుష్షులు, ఫిట్టింగులు జాబ్ వర్క్ మీద చేస్తాం. ఈ పనిలో సైజు తప్పితే భయం లేదు, గేజ్ పట్టేస్తుంది, మైక్రోమీటర్ పట్టేస్తుంది. భయమంతా గేజ్‌కి దొరకని వాటితోనే. అడ్డంగా వేసిన రంధ్రం లోపలి అంచున వెంట్రుకంత బర్ మిగిలిపోతుంది, లీకు ఆపే రబ్బరు ఓ-రింగ్ కూర్చునే గాడిలో సన్నగా గీత పడుతుంది. అది వాల్వులోకి వెళ్తే ఆయిల్ లీకు, అక్కడ పార్టీ వాళ్ళు, అంటే మాకు ఆర్డరిచ్చినవాళ్ళు, రెండు ముక్కల్లో బర్ చూశారంటే రెండు ముక్కలు కాదు, లాట్ మొత్తం వెనక్కి పంపిస్తారు, వెయ్యి ముక్కలు మళ్ళీ ఒక్కొక్కటి చేత్తో చూసి పంపాలి, ఆటో ఖర్చు మనదే, ఆ నెల పేమెంటు ఆగేది కూడా మనకే.

ఇవన్నీ చూసేది మా ఇన్‌స్పెక్షన్ అక్క. పదిహేనేళ్ళుగా ట్యూబ్ లైటు కింద కూర్చుని ముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ చూస్తుంది. ఆమె కంటికి సాటిలేదు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నా. కానీ సాయంత్రం నాలుగు దాటాక ఎవరి కన్నైనా అలిసిపోతుంది, వెనక్కొచ్చిన లాట్లన్నీ రిజిస్టర్లో చూస్తే ఎక్కువ భాగం మధ్యాహ్నం తర్వాత చూసినవే. కెమెరా ఆలోచన అక్కడ పుట్టింది.

వెండర్ వచ్చాడు, చూశాడు, కొటేషన్ ఇచ్చాడు, "సబ్సిడీ వస్తుంది కదా మేడం, మీకు భారం పడదు" అన్నాడు. ఆ మాట అన్న రోజే రేటు పెరిగిందని నాకు తర్వాత అర్థమైంది, ఎందుకంటే ఇలాంటి సిస్టమే సబ్సిడీ ఊసెత్తని ఇంకో షాపుకి బాగా తక్కువకి పెట్టాడు. సరే, ఫైలు పెట్టాం. ఎనిమిది నెలలు తిరిగింది. చివరికి అడిగిందేంటంటే మెషిన్ మీద సీరియల్ నంబరు ప్లేటు ఫోటో, చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్, ఇన్‌వాయిస్. సాఫ్ట్‌వేర్ లైసెన్సు మెషినరీ కింద రాదన్నారు, ట్రైనింగ్ ఖర్చు రాదన్నారు, ఇంజనీరు రోజులకు బిల్లు పెడితే అది సర్వీసు అన్నారు. మిగిలింది కెమెరా, కంప్యూటరు. దాని మీద లెక్కేస్తే వచ్చే సొమ్ము మేం ఆఫీసు చుట్టూ తిరిగిన పని గంటలకు కూడా సరిపోదు, అక్కడితో ఫైలు వదిలేశా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇనుము, అంటే మెషిన్లు, కొనుక్కోవడానికి ఈ పథకాలు బాగా పనిచేశాయి. కేంద్రం నడిపిన క్రెడిట్ లింక్డ్ క్యాపిటల్ సబ్సిడీలో కోటి రూపాయల వరకు మెషినరీ మీద 15 శాతం, అంటే 15 లక్షల దాకా వచ్చేది. 2014లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన టీ-ఐడియా పాలసీలో సూక్ష్మ, చిన్న యూనిట్లకి స్థిర పెట్టుబడి మీద 15 శాతం, 20 లక్షలు మించకుండా పెట్టారు. చేత్తో తిప్పే లేతుల నుంచి సీఎన్‌సీకి మారడానికి బాలానగర్లో, జీడిమెట్లలో, చర్లపల్లిలో ఎంతో మందికి ఇలాంటి డబ్బు ఆసరా అయింది, మా మొదటి సీఎన్‌సీ కూడా సబ్సిడీ మీద వచ్చిందే. మెషిన్ వచ్చి కూర్చుంటే దాని పని అది చేస్తుంది, ప్రోగ్రాం వేసి బటన్ నొక్కితే మొదటి రోజు నుంచే ముక్క వస్తుంది. కాబట్టి ఇన్‌వాయిస్ చూసి డబ్బివ్వడం ఆ రోజుల్లో సరైన పద్ధతే. ఏఐ అలా రాదు, కొని తెచ్చి పెట్టిన రోజున దానికేమీ తెలియదు. మన షాపులో మన ముక్కల మీద మన మనుషులే దానికి నేర్పించాలి, ఖర్చంతా ఆ నేర్పించడంలోనే ఉంది, ఆ ఖర్చుకే సబ్సిడీ ఫారంలో గడి లేదు.

ఆ ఖర్చు ఎలా ఉంటుందో మా షెడ్డులో జరిగింది చెప్తా. ఫైలు వదిలేశాక చేతి డబ్బుతో చిన్నగా మొదలుపెట్టాం, డిప్లొమా అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న ఇద్దరు పిల్లల్ని ఆరు నెలలకి పెట్టుకున్నా, ఒకడికి కెమెరాలు తెలుసు, ఇంకొకడికి ప్రోగ్రామింగ్ తెలుసు. వచ్చిన రోజే వాళ్ళు అడిగింది "మేడం, చెడ్డ ముక్కలు చూపించండి" అని. మా దగ్గర ఒక్కటీ లేదు! రిజెక్ట్ అయిందంటే తుక్కు డబ్బాలోకి, అక్కడ్నుంచి కిలోల లెక్కన తుక్కు వ్యాపారికి, ఎన్నో ఏళ్ళుగా అదే అలవాటు. కెమెరాకి చెడ్డదేదో నేర్పాలంటే చెడ్డవి కావాలి, వందల్లో కావాలి, మేం అన్నేళ్ళు వాటిని కరిగించడానికి పంపించేశాం. వెంటనే తుక్కు అమ్మడం ఆపి నాలుగు ట్రేలు పెట్టాం, బర్ ఒకదాంట్లో, గీత ఒకదాంట్లో, డెంట్ ఒకదాంట్లో, టూల్ మార్కు ఒకదాంట్లో. సరిపడా పోగవడానికి రెండున్నర నెలలు పట్టింది.

తర్వాత అసలు సమస్య బయటపడింది. ట్రేల్లో ముక్కల్ని కలిపేసి అక్కకి మళ్ళీ ఇచ్చి సర్దమంటే కొన్ని ముక్కలు అటూ ఇటూ మారిపోయాయి, పొద్దున బాగుంది అన్నది సాయంత్రం బాగాలేదు. అక్క తప్పు కాదది. ఎంత బర్ అయితే బర్ కింద లెక్క అనేది మా షాపులో ఎక్కడా రాసిలేదు, పార్టీ డ్రాయింగులో "బర్ ఉండరాదు" అని ఒక్క లైను ఉంటుంది, అంతే. పార్టీ ఫోన్ చేసి తిట్టిన వారం కఠినంగా చూస్తాం, డిస్పాచ్ తొందర ఉన్న వారం కాస్త చూసీ చూడనట్టు పోతాం. మనకే తెలియనిది మెషిన్‌కి ఎలా నేర్పిస్తాం? నేను, అక్క, సెట్టర్ కూర్చుని, పార్టీ క్వాలిటీ ఆయన్ని ఒకరోజు పిలిపించి, ఇంతవరకు ఓకే, ఇది దాటితే కాదు అని లిమిట్ శాంపిళ్ళు తీసి బోర్డు మీద బిగించాం. చెప్తే నమ్మరేమో, మా రిటర్నులు సగం తగ్గింది ఆ బోర్డుతోనే, అప్పటికి కెమెరా ఇంకా ఆన్ కూడా చేయలేదు.

ఇక వెలుతురు. మా రేకుల షెడ్డు కప్పులో మధ్య మధ్య తెల్ల ఫైబర్ షీట్లు ఉంటాయి, పదకొండింటికి పడే వెలుగు వేరు, నాలుగింటికి వేరు. ముక్క మీద కూలెంట్ తడి ఉంటే ఆ మెరుపు కెమెరాకి గీతలాగే కనిపిస్తుంది, మొదటి వారం మంచివాటిని కూడా ఎడాపెడా కొట్టేసింది. ముక్కల్ని కడిగి గాలి కొట్టి ఆరబెట్టే ఓ చిన్న ఏర్పాటు చేశాం, కెమెరా చుట్టూ నల్లపెట్టె కట్టాం, లోపల గుండ్రటి డోమ్ లైటు పెట్టాం. చదవడానికి ఇవన్నీ చిన్న పనులు. చేసేటప్పుడు ఒక్కోదానికి పది రోజులు, ఆ పది రోజులూ ఇద్దరు పిల్లల జీతం, అక్క టైము, ఓ మెషిన్ ఆగడం, వీటిలో ఒక్కదానికీ సీరియల్ నంబరు ప్లేటు ఉండదు.

ఇంకోటి మర్చిపోలేను. పెట్టె బిగించిన రోజు మా సీనియర్ ఆపరేటర్ వచ్చి మెల్లగా అడిగిండు, "మేడం, గీ కెమెరా ముక్క మీద పెట్టిండ్రా, మా మీద పెట్టిండ్రా?" అని. ఆ రోజు మెషిన్లు గంట ఆపించి అందర్నీ కూర్చోబెట్టి స్క్రీన్ చూపించా, ఇందులో మనుషులు కనపడరు, లెన్సుకీ ముక్కకీ మధ్య జానెడు దూరం, నల్లపెట్టె మూసే ఉంటుంది అని. ఆ గంట నాకు చాలా విలువైనది. అది గడవకపోయుంటే నెల తిరక్కుండా లెన్సు మీద ఎవరిదో గుడ్డ పడేది, నేను వాళ్ళ స్థానంలో ఉన్నా అదే చేసేదాన్నేమో.

ఇప్పుడు సిస్టం ఏం చేస్తుందంటే, ఖచ్చితంగా బాగున్నవాటిని పక్కకి పంపేస్తుంది, అనుమానం ఉన్నవాటిని అక్క ముందుకి పంపిస్తుంది. అక్క రోజంతా మంచి ముక్కలు తిప్పి కళ్ళు అరగదీసుకోకుండా తేడా ఉన్నవాటి మీదే కూర్చుంటుంది. గత ఆరు నెలల్లో బర్ పేరుతో మాకు లాట్ వెనక్కి రాలేదు. కొత్త ముక్క మొదలైతే మాత్రం మళ్ళీ ట్రేలు, మళ్ళీ ఫోటోలు, అందుకే ఆ ఇద్దరిలో ఒకణ్ణి పర్మనెంట్ చేసుకున్నా.

మరి ప్రభుత్వ డబ్బు దేనికివ్వాలి అంటే నా సమాధానం ఒక్కటే, ఆ ఆరు నెలలకి ఇవ్వాలి. మనిషి గంటలకి ఇవ్వాలి. కెమెరా మేం కొనుక్కుంటాం.

మనిషి గంటలకి డబ్బివ్వడం ప్రభుత్వానికి చేతకానిదీ కాదు, కొత్తా కాదు. 2023 మార్చిలో కేంద్రం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో (ఎంఎస్ఎంఈ) వృథా తగ్గించడానికి ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ స్కీం తెచ్చింది కదా, అందులో షాపుకొచ్చి దగ్గరుండి నేర్పించే కన్సల్టెంటు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే పెట్టుకుంటుంది. నాణ్యతకి ఇచ్చే జెడ్ సర్టిఫికేషన్‌లో ఫీజు మీద సూక్ష్మ యూనిట్లకి 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం ఇస్తున్నారు. అంటే సర్వీసుకి డబ్బివ్వొచ్చనే దారి ఆల్రెడీ ఉంది, ఏఐ విషయానికొచ్చేసరికి మళ్ళీ మెషినరీ ఇన్‌వాయిస్ దగ్గరికెళ్ళి ఆగిపోతున్నాం.

అసలు మా బాలానగర్ చరిత్ర చూడండి. 1960ల్లో బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, హెచ్ఏఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీలు ఈ నగరానికి వచ్చాయి, వాటి చుట్టూ చిన్న షెడ్లు మొలిచాయి, వాటిలో పనిచేసినవాళ్ళే బయటికొచ్చి లేతు పెట్టుకున్నారు, నాన్న కూడా అలా వచ్చిన మనిషే. 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో బాలానగర్లో సీఐటీడీ పెట్టారు, టూల్ డిజైన్ నేర్పడానికి. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్ని టూల్ రూముల్లో ఉన్నారో నాకు తెలుసు, మా షాపుకి డైలు గీసిచ్చిన వాళ్ళలో ముగ్గురు అక్కడివాళ్ళే. ఆ కాలంలో ప్రభుత్వం బిల్డింగులతో పాటు చేతుల మీద, కళ్ళ మీద డబ్బు పెట్టింది, ఆ ఫలితాన్ని రెండు తరాలుగా మేం తింటున్నాం. ఆ పెద్ద ఫ్యాక్టరీల్లో కొన్ని మూతపడ్డాయి, ఆ మనుషులు నేర్పిన పని మాత్రం ఇంకా నడుస్తోంది.

ఏఐకి దేశంలో డబ్బు లేదా అంటే ఉంది. 2024 మార్చిలో ఇండియా ఏఐ మిషన్‌కి కేబినెట్ దాదాపు 10,372 కోట్లు మంజూరు చేసింది. ఏఐ లెక్కలు చేసే జీపీయూ చిప్పులు 38 వేలకి పైగా సమకూర్చారు, గంటకి సుమారు 65 రూపాయలకే ఇస్తున్నారు. భాషా మోడళ్ళు తయారుచేసేవాళ్ళకి అది పెద్ద వరం, దాన్ని నేను తక్కువ చేయట్లేదు. కాకపోతే మా కెమెరా మోడల్‌ని ట్రెయిన్ చేయడానికి పట్టింది కొన్ని గంటలే, రోజూ అది నడిచేది మెషిన్ పక్కన పెట్టిన చిన్న డబ్బాలో, పైగా కొన్ని పార్టీల డ్రాయింగులు, ఫోటోలు బయటి సర్వర్లకి పంపకూడదని అగ్రిమెంట్ ఉంటుంది. మాకు కొరత జీపీయూ కాదు, షెడ్డులోకొచ్చి చేతికి ఆయిల్ అంటించుకునే ఇంజనీరు కొరత. భారీ పరిశ్రమల శాఖ సమర్థ్ ఉద్యోగ్ కింద స్మార్ట్ మాన్యుఫాక్చరింగ్ సెంటర్లు పెట్టింది, వాటిలో పేరున్నవి పుణెలో, ఢిల్లీలో, బెంగళూరులో ఉన్నాయి. మంచి పనే. కానీ పద్దెనిమిది మందితో షాపు నడిపే నేను రెండు రోజులు వదిలేసి బెంగళూరు వెళ్ళి డెమో చూసొస్తే, తిరిగొచ్చాక నా రేకుల షెడ్డులో నాలుగింటి ఎండ సంగతి ఎవరు చూస్తారు?

బయటి దేశాల్లో దీన్ని ఎలా చేశారో కాస్త చదివా. దక్షిణ కొరియా 2014లో స్మార్ట్ ఫ్యాక్టరీ కార్యక్రమం మొదలుపెట్టి 2022కల్లా 30 వేల చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలని టార్గెట్ పెట్టుకుంది. అందులో నాకు నచ్చింది ఆ అంకె కాదు, శాంసంగ్ లాంటి పెద్ద కంపెనీల ఇంజనీర్లు చిన్న ఫ్యాక్టరీలకెళ్ళి అక్కడే ఉండి పనిచేయడం, 2020లో కరోనా మొదట్లో మాస్కులు చేసే చిన్న యూనిట్లకి వాళ్ళు అలాగే వెళ్ళి ఉత్పత్తి పెంచిపెట్టారు. బ్రిటన్‌లో మేడ్ స్మార్టర్ అని 2019లో ముందు వాయవ్య ఇంగ్లాండులో మొదలుపెట్టారు, అక్కడ ముందు సలహాదారు వచ్చి షాపు చూస్తాడు, ఆ తర్వాతే గ్రాంటు, 20 వేల పౌండ్ల వరకు, షాపు వాళ్ళూ అంతే పెట్టుకోవాలి. ముందు మనిషి, తర్వాత డబ్బు. మన దగ్గర ముందు కొటేషన్, తర్వాత కొనడం, ఆ తర్వాత ఫైలు, డబ్బు ఎప్పటికో, మనిషి మాత్రం ఎప్పటికీ రాడు.

డబ్బు ఎప్పటికో అన్నానే, అది కూడా చిన్న విషయం కాదు. ముందు నువ్వు పెట్టు, తర్వాత మేం ఇస్తాం అనే పద్ధతి పెద్ద కంపెనీకి సరిపోతుంది. మాకు పార్టీ నుంచి బిల్లు రావడానికే తొంభై రోజులు పడుతుంది, 45 రోజుల్లో ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉన్నా. ఈ మధ్యలో స్టీలు కొనాలి, జీతాలివ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. సబ్సిడీ ఏడాది తర్వాత వస్తే అది సాయం కాదు, అప్పటికి దాని మీద మేం కట్టిన వడ్డీకి పరిహారం, అంతే. ఇంజనీరుకి ప్రతి నెలా ప్రభుత్వమే నేరుగా జీతంలో వాటా ఇచ్చేస్తే మా చేతికి డబ్బు రావాల్సిన పనే లేదు, వెండర్ రేటు పెంచడానికి చోటూ ఉండదు.

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటుంది, మా చిన్నాన్న కూడా అడిగాడు, ప్రైవేటు షాపు లాభానికి జనం పన్ను డబ్బు ఎందుకివ్వాలమ్మా అని. ఊరికే ఇవ్వొద్దు. తీసుకున్న షాపు నెలకో రోజు తలుపు తీసి పక్క షెడ్డు వాళ్ళకి చూపించాలి, పార్టీ అభ్యంతరం లేనంత మేరకు చెడ్డ ముక్కల ఫోటోలు పేర్లు తీసేసి సీఐటీడీ లాంటి చోట ఒకచోట చేర్చాలి, అప్పుడు నేను రెండున్నర నెలలు పోగేసిన బర్ ఇంకొకడికి మొదటి రోజే దొరుకుతుంది. ఇంకో షరతు కూడా ఉండాలి, ఈ డబ్బుతో పెట్టిన సిస్టం వల్ల ఎవర్నీ పంపించెయ్యకూడదు. నాకిది గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఆ కెమెరాకి తెలిసినదంతా మా అక్క వేళ్ళు పదిహేనేళ్ళు నేర్చుకున్నదే. ఆమె దగ్గర నేర్చుకుని ఆమెనే ఇంటికి పంపిస్తే అది దొంగతనం, దానికి ప్రభుత్వం డబ్బివ్వడం ఇంకా పెద్ద తప్పు. అక్క జీతం నేను పెంచాను, ఎందుకంటే ఇప్పుడామె చేస్తున్నది ముక్కలు ఏరడం కాదు, తీర్పు చెప్పడం.

2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన కొత్త ఎంఎస్ఎంఈ పాలసీలో టెక్నాలజీ కూడా ఓ ముఖ్యమైన అంశం. అది అమలు చేసేవాళ్ళలో ఎవరైనా ఇది చదివితే నేనడిగేది చాలా చిన్నది. బాలానగర్‌కి పదిమంది ఇంజనీర్లనివ్వండి, ఒక్కొక్కరు ఆరు నెలలకి రెండు షాపులు చూసుకుంటారు, మొదటి నెల ఏమీ కొనొద్దు, ట్రేలు పెట్టించి లిమిట్ శాంపిళ్ళు తీయించండి. ఆ నెలాఖరుకి ఏఐ అవసరమే లేదని తేలిన షాపులు కూడా ఉంటాయి, అదీ ఆ డబ్బుకి దక్కిన ఫలితమే.

మొన్న పక్క వీధిలో ప్రెస్ షాపు నడిపే అన్న వచ్చి మా పెట్టె చూసి వెళ్ళారు. కెమెరా రేటు అడగలేదు. ఆ నాలుగు ట్రేలు ఎక్కడ కొన్నావమ్మా అని అడిగి, వాళ్ళ తుక్కు వ్యాపారికి అక్కడ్నుంచే ఫోన్ చేసి, ఈ నెల బండి పంపొద్దని చెప్పారు.